తలకిందులైన సర్వే రాళ్లు

ఆంధ్ర రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌గా మారిన మరుసటి వేసవిలో నన్ను సర్వేయరుగా ప్రొద్దుటూరుకు బదిలీ చేశారు. పేరుకు ప్రొద్దుటూరే గాని, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాల్లో రాళ్ల పని కూడా నా నెత్తినే పడింది. ఆ పని చూసే మనిషి సెలవు పెట్టి వెళ్లి మళ్లీ రాలేదు. ఆయన ఎందుకు రాలేదో ఒక వేసవి ఆ ఎండలో కొలత గొలుసు లాగాక నాకూ అర్థమైంది.

రాళ్ల పని అంటే ఏమిటో ముందు చెప్పాలి. ప్రతి పొలం మూలలోనూ ప్రభుత్వం పాతిన ఒక రాయి ఉంటుంది. మూడొంతుల్లో రెండొంతులు భూమిలో, ఒక వంతు పైన. దాని నెత్తిన ఉలితో కొట్టిన గీటు ఉంటుంది. సర్వేయరు గొలుసు మొదలుపెట్టేది ఆ గీటు మీద, ముగించేది ఇంకో రాతి గీటు మీద. రాయి ఉంటే హద్దు ఉంటుంది, హద్దు ఉంటే అన్నదమ్ములు మాట్లాడుకుంటారు. రాయి లేకపోతే ఏమవుతుందో పులివెందుల తాలూకా మనిషికి నేను చెప్పనవసరం లేదు. అందుకే రాయిని పీకి పారేసినా, జరిపినా, పగలగొట్టినా సర్వే చట్టం ప్రకారం నేరం.

ఊళ్ళో ఈ రాళ్లను చూసుకోవలసిన బాధ్యత శిస్తు వసూలు చేసే మునసబుది, లెక్కలు రాసే కరణానిది. వాళ్లిద్దరూ అరుగు మీద కూర్చుంటే, వాళ్ల తరఫున పొలాల వెంట తిరిగేవాడు ఊరి కావలివాడైన తలారి. ఏడాదికోసారి ప్రతి రాయినీ చూసి, లేనిదాన్ని లేదని చెప్పాలి. మా సీమలో బండకు కరువు లేదు గదా, ప్రభుత్వం రాయి ఎవడు ఎత్తుకుపోతాడని మీరు అనుకోవచ్చు. ఊరికే వచ్చిన బండ మీద బట్టలుతుక్కుంటే ఆ సుఖమే వేరు. జమ్మలమడుగులో ఒక కాఫీ హోటలుకు వెళ్లి, మెట్టు మీద కాలు పెట్టబోతూ కిందికి చూస్తే ప్రభుత్వపు గీటు కనిపించింది. నేను సర్వేయరునని తెలిసి ఆ హోటలాయన నాకు కాఫీ ఇచ్చాడు గాని, మెట్టు మాత్రం తీయలేదు.

ఇలా రాళ్లు మాయమవుతున్నాయని ఫిర్యాదులు పెరిగి, ఆ ఏడాది ప్రత్యేక తనిఖీ చేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మా డివిజను అధికారి చాలా చిన్న వయసువాడు, ఉత్తరాది మనిషి. పేరు అనవసరం. నీతిపరుడు, కష్టపడేవాడు, ఎవరి దగ్గరా కొబ్బరికాయ కూడా పుచ్చుకోడు. ఆయనకున్న వ్యసనమల్లా ఇంగ్లీషు జాతీయాలే. పని అనే మాటను పని అనే మాటతో చెప్పడం ఆయనకు చేతకాదు. కొత్తగా తెలుగు పరీక్ష పాసై ఉన్నాడు. అంటే బండి, రాయి, నీళ్లు, చెట్టు, ముక్కు, చెయ్యి వంటి మాటలు వినబడితే పోల్చుకునేవాడు. వాటి మధ్యలో ఉన్నది పోల్చుకునేవాడు కాదు.

ఆయన ఇంగ్లీషును తెలుగు చేసేది హెడ్ గుమాస్తా శేషగిరిరావు గారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి మా కడప ఎండలో పాతికేళ్లు ఉడికిన మనిషి. అధికారులు వస్తారు పోతారు, ఫైలు ఉంటుంది అన్నది ఆయన సిద్ధాంతం. ఆయనంత తేలికగా, ఆయనంత తెలివిగా అనువాదం చేసేవాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

తనిఖీ గురించి చెప్పడానికి మూడు తాలూకాల మునసబులనూ కరణాలనూ తలారులనూ ప్రొద్దుటూరికి పిలిపించారు. ఒక నూలు వ్యాపారి గోదాములో సభ. రాళ్ల సంగతి ఎవరైనా అడిగితే చెప్పడానికి నన్ను పక్కన కూర్చోబెట్టారు. ఎవరూ అడగలేదు.

అధికారి లేచి, మీరంతా చక్రానికి భుజం ఆనించాలి అన్నాడు ఇంగ్లీషులో. శేషగిరిరావు గారు "గట్టిగా పని చెయ్యండి" అన్నారు. అర్ధరాత్రి నూనె కాల్చాలి అన్నాడు అధికారి. "గట్టిగా పని చెయ్యండి" అన్నారు శేషగిరిరావు గారు. ఇంగ్లీషులో ఇంకో రెండు పెద్ద వాక్యాలు నడిచాయి. తెలుగులో మళ్లీ అవే మూడు మాటలు వచ్చాయి. నిజానికి అందులో తప్పేమీ లేదు. ఆయన చెప్పిందంతా కలిపితే ఆ మూడు మాటలే.

కాని అధికారి తెలుగు పరీక్ష పాసైనవాడు. ఆయన ఆగి, శేషగిరిరావు గారి వైపు తిరిగి, నేను చక్రం అన్నాను, నూనె అన్నాను, నీ తెలుగులో చక్రమూ లేదు నూనే లేదు, నా మాటలు ఎక్కడికి పోతున్నాయి అని అడిగాడు. భావం చెబుతున్నానండీ అన్నారు ఈయన. భావం నేను చూసుకుంటాను, నువ్వు మాటలు చెప్పు, ఒక్కటి కూడా వదలకు అని అందరి ముందూ గట్టిగా అన్నాడు. శేషగిరిరావు గారి మొహం కందగడ్డ అయింది. చిత్తం అన్నారు. ఆ చిత్తం ఎంత ప్రమాదమో ఆ అధికారికి తెలియదు. పాతికేళ్ల సర్వీసు ఉన్న గుమాస్తా చిత్తం అన్నాడంటే, ఇక మీ తిప్పలు మీరు పడండి అని అర్థం.

అప్పటినుంచి మాటకు మాట తూచి పడింది. "మీ చొక్కా చేతులు పైకి మడవండి" అన్నారు శేషగిరిరావు గారు. తలారుల్లో సగం మందికి ఒంటి మీద తువ్వాలు తప్ప చొక్కా లేదు. వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ వెంటనే, "మీ ముక్కును సానరాయికి ఆనించి ఉంచండి" అన్నారు. ఇంగ్లీషులో దాని అర్థం విడవకుండా పని చేయమని. మా వైపు ముక్కు ఆనించడమంటే అర్థం వేరు. తప్పు చేసినవాడిచేత ఊరందరి ముందూ ముక్కు నేలకు రాయిస్తారు. గోదాములో గోల లేచింది. వెనక వరుసలోంచి ఒక పెద్ద మునసబు నిలబడి, "ఏందప్పా, ఏం తప్పు చేసినామని మా ముక్కులు రాయమంటాండారు? యాడిదీ న్యాయం?" అని కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. తాలూకా గుమాస్తాలు నలుగురు పరుగెత్తి ఆయన్ని కూర్చోబెట్టారు. తన మాటలకు జనంలో చలనం వచ్చిందని అధికారి సంతోషించాడు.

చివరగా ఆయన అసలు మాట చెప్పాడు. లీవ్ నో స్టోన్ అన్‌టర్న్‌డ్. ఏ ప్రయత్నమూ మిగల్చకుండా వెతకండి అని దాని అర్థం. నేను జమ్మలమడుగు మిషన్ బడిలో చదువుకున్నవాణ్ణి. మా అయ్యవారు ఇలాంటివి వందలకొద్దీ బట్టీ పట్టించి, తప్పితే చెవి మెలిపెట్టేవాడు కాబట్టి నాకు తెలుసు. నాకూ శేషగిరిరావు గారికీ తప్ప గోదాములో ఇంకెవరికీ తెలిసే అవకాశం లేదు. శేషగిరిరావు గారు గొంతు సవరించుకుని, అక్షరం పొల్లు పోకుండా, "ఒక్క రాయిని కూడా తిరగెయ్యకుండా వదిలిపెట్టవద్దు" అన్నారు. అందులో రాయి అన్న మాట విని అధికారి తలాడించాడు. చూశావా, చెబితే ఎంత బాగా వచ్చిందో అన్నట్టు.

సభ ముగిసింది. నెల తిరిగేసరికి ఊళ్ల నుంచి నివేదికలు వచ్చాయి. అన్నీ ఒకే మాట చెప్పాయి. రాళ్లన్నీ స్వయంగా చూశాం, లోపం లేదు. ఒక రాయి పోయిందనిగాని, ఒకటి విరిగిందనిగాని ఒక్క ఊరివాడూ రాయలేదు. హోటలు మెట్టు ఉన్న జమ్మలమడుగు నుంచి కూడా లోపం లేదనే వచ్చింది. అరుగు దిగకుండా, పొలం మొహం చూడకుండా రాసినవి అవి. ఈ సంగతి నాకు తెలుసు, శేషగిరిరావు గారికి తెలుసు, రాసినవాళ్లకు మరీ బాగా తెలుసు. అధికారి మాత్రం తన ఉపన్యాస ఫలితమే అనుకుని, మంచిగా పనిచేసిన మునసబులకు మెప్పు పత్రాలు ఇవ్వమన్నాడు.

ఒక్క ఊరు మాత్రం, నివేదిక అదే అయినా, నిజానికి ఈ వరసలో లేదు. పులివెందుల తాలూకాలో, తొండూరు దాటి పోతే వచ్చే ఒక మెట్ట ఊరు. అటువైపు పని మీద వెళ్లిన రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఊరంతటా రాళ్ల చుట్టూ మన్ను కొత్తగా తవ్వినట్టు ఉండటం చూశాడు. దగ్గరికి వెళ్తే రాతి మీద గీటు లేదు. పక్క రాతి మీదా లేదు. ఊరు ఊరంతా లేదు. సర్వే రాళ్లను మొత్తం పీకి వేరే రాళ్లు పాతారని, ఇది పెద్ద కుట్ర అని నివేదిక పంపాడు. తలారి ఓబులేసును సస్పెండ్ చేశారు. చట్టం కింద కేసు పెట్టడానికి కాగితాలు తయారయ్యాయి. అంతకు ముందు, రాళ్లు ఎంత జరిగాయో కొలిచి చెప్పమని నన్ను పంపారు.

బస్సు దిగి, గొలుసు పట్టే మనుషులిద్దరితో ఊళ్లోకి నడిచేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మునసబు గంగిరెడ్డి చల్లటి మజ్జిగ ఇచ్చి, నేను అడగకముందే తన చేతులు కడుక్కున్నాడు.

"నాదేముంది సర్వేరప్పా. దొర చెప్పినాడు, ఆ మాట నేను వానికి చెప్పినా, అంతే. తిప్పమని నా నోటితో నేను అన్లేదు" అన్నాడు.

ప్రొద్దుటూరు సభకు ఓబులేసు వచ్చాడా అని అడిగాను. వచ్చాడని, వెనక నిలబడి విన్నాడని, ఊరికి వచ్చాక తనను కూడా అడిగాడని గంగిరెడ్డి ఒప్పుకున్నాడు. మీరేమన్నారని అడిగితే, "దొర చెప్పినట్టు చెయ్ రా అని అన్యా" అన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు ఉంది వ్యవహారం. కొలువుకు గుర్తయిన తలారి కర్ర అప్పటికే గంగిరెడ్డి ఇంటి మూలకు చేరి ఉంది. ఓబులేసుకు శిక్ష పడితే ఆ కొలువు అతని కొడుకుకు కూడా రాదు. అది గంగిరెడ్డి జీతగాడి తమ్ముడికి వస్తుందని ఊళ్లో అప్పుడే అనుకుంటున్నారు.

ఓబులేసు నడివయసు మనిషి. బక్కగా, నల్లగా, పెద్ద గొంతుతో ఉంటాడు. తప్పు చేసినవాడిలా తల వంచుకుని వస్తాడనుకున్నాను. అతను పోట్లాటకు వచ్చినట్టు వచ్చాడు.

"రాండి సామీ, రాండి. ఊరంతా సూడండి. ఒక్క రాయి తిప్పకుండా ఇడిచింటే నన్ను అడుగు. ఎండలో నేనూ నా పెండ్లాం గడ్డపార పట్టుకోని సచ్చినాం. రెక్కలు పడిపోయినాయి. ఇంత జేసినాక దొంగతనం జేసినావంటాండారే, ఇదేం మాట?"

ఎందుకు తిప్పావు, తిప్పమంటే నీకేమీ అనిపించలేదా అని అడిగాను.

"ఎందుకనిపీదు? అనిపిచ్చింది. ఇదేందిరా అనుకున్యా. మళ్లా నేనే ఆలోచన జేసినా. రైతులు సర్కారు రాయి ఎత్తకపోయి దొంగ రాయి నాటినారని గదా ఈ తనిఖీ? పైన గీటు ఎవడన్నా కొట్టచ్చు. అడుగు సూచ్చే గదా అసలుదో నకిలీదో తెలిసేది? దొర శానా తెలివైనోడు అనుకున్యా."

ఆ మాటకు నాకు నవ్వు రాలేదు. మా శాఖలో ఎవరికీ తట్టని కారణం అతను ఆ ఉత్తర్వుకు కనిపెట్టి పెట్టాడు. అర్థం లేని ఆజ్ఞకు కిందివాడు అర్థం వెతుక్కుంటాడు, పైవాడికి ఆ అవసరం ఉండదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక గొలుసు పట్టేవాళ్ల మీద అరిచాను.

మొదటి రాయి తవ్వించి చూశాం. అది ప్రభుత్వం రాయే. నెత్తి కిందికి, అడుగు పైకి పెట్టి ఉంది. గీటు మన్నులో చెక్కుచెదరకుండా ఉంది. తీసిన గుంతలోనే, గుంత పూడకముందే మళ్లీ నిలబెట్టానని ఓబులేసు చెప్పాడు. అయినా సర్వేయరు అన్నవాడు మాటను నమ్మకూడదు, గొలుసును నమ్మాలి. పొలం పొలం కొలిచాం. సర్వే గొలుసులో ఒక లింకు జానెడు కన్నా కొంచెం తక్కువ ఉంటుంది. లింకులో చిన్న ముక్క తేడా ఉన్నచోట్లు కొన్ని ఉన్నాయి. ఆ మాత్రం తేడా ఏ ఊళ్లోనైనా ఉంటుంది. ఏ రాయీ తన చోటు నుంచి కదల్లేదు.

ఇంతలో ఇంకో బెడద మొదలైంది. పక్కపక్క పొలాలున్న ఇద్దరు రైతులు, గీటు లేదు కాబట్టి గట్టు నాదంటే నాదని అప్పుడే గడ్డపారలు తీశారు. పాత చోటే అని గొలుసు పరిచి ఇద్దరికీ చూపించాక గాని వాళ్లు ఇళ్లకు పోలేదు. ఈ కేసు ఇంకో నెల నానితే తలలు పగిలేవి. అది కూడా నివేదికలో రాశాను. రాళ్లు జరగలేదు, తలకిందులు మాత్రమే అయ్యాయి, చట్టంలో చెప్పిన పీకి పారేయడం, జరపడం, పగలగొట్టడం అనే మూడింటిలో ఏదీ ఇక్కడ జరగలేదు అని రాసి, చెప్పేది వినకుండా ఎవరికీ శిక్ష వేయవద్దని ముగించాను. చివరి వాక్యం నా హోదాకు మించింది. రాశాను.

విచారణ పులివెందులలో, ప్రయాణికుల బంగళాలో జరిగింది. అధికారి మధ్యలో కూర్చున్నాడు. పక్కన శేషగిరిరావు గారు అనువాదానికి నిలబడ్డారు. ఒక వైపు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, నేను. ఎదురుగా గంగిరెడ్డి, ఓబులేసు. వరండాలో ఓబులేసు భార్య స్తంభానికి ఆనుకుని, లోపలి మాటల కోసం చెవి ఒగ్గి కూర్చుంది.

ముందు గంగిరెడ్డిని అడిగారు. నువ్వు తనిఖీలో ఏం చేశావని ప్రశ్న. గంగిరెడ్డి చేతులు కట్టుకుని, "కాళ్లకు బలపం కట్టుకోని తిరిగినా దొరా" అన్నాడు.

శేషగిరిరావు గారు ఏ భావమూ లేని మొహంతో, ఇతను కాళ్లకు బలపాలు కట్టుకుని తిరిగాడట అని ఇంగ్లీషులో చెప్పారు. అధికారి కలం ఆగింది. బలపాలా, కాళ్లకా, ఎందుకు అన్నాడు. ఆయన నా వైపు తిరిగి, ఇది సర్వేలో వాడుకా అని అడిగాడు. లేదు సార్, అది మా భాషలో ఒక జాతీయం, చాలా తిరిగాను అని దాని అర్థం అన్నాను. మరి ఆ అర్థమే చెప్పొచ్చుగా అని శేషగిరిరావు గారి మీద విసుక్కున్నాడు.

ప్రతి మాటా చెప్పమని తమ ఉత్తర్వు సార్ అన్నారు శేషగిరిరావు గారు, నేల చూపులు చూస్తూ.

తరువాత ఓబులేసు వంతు. రాళ్లను ఏం చేశావని అడిగారు. అతను "అయ్యా, పొద్దుటూర్లో తమరేం జెప్పినారో అదే జేసినా. ఒక్క రాయిని గూడా తిరగెయ్యకుండా ఇడిచిపెట్టల్యా. ఇంగ ఏం జేయమంటారు నన్ను?" అన్నాడు.

శేషగిరిరావు గారు వెంటనే అనువాదం చేయలేదు. ఆయన నోటిలో ఏముందో నాకు తెలుసు. తరువాత ఆయన, ప్రతి మాటకూ కొంచెం ఎడం ఇస్తూ, ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో పెట్టారు. ప్రొద్దుటూరులో తమరు చెప్పిందే ఇతను చేశాడట సార్. హి లెఫ్ట్ నో స్టోన్ అన్‌టర్న్‌డ్.

అధికారి మొదట తలాడించాడు. అలవాటైన మాట గదా. ఆ తలాడించడం సగంలో ఆగిపోయింది. ఆయన ఓబులేసును చూశాడు, నా నివేదికను చూశాడు, శేషగిరిరావు గారిని చూశాడు. చెవుల దగ్గర మొదలై మొహమంతా ఎర్రబడింది. రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకు ఏమీ అర్థం కాక, సార్, ఇది స్పష్టంగా నేరాంగీకారం అన్నాడు. కూర్చోమన్నాడు అధికారి.

తరువాత, మీ తెలుగువాళ్లు ఈ మాటను ఎలా చెబుతారు అని శేషగిరిరావు గారిని అడిగాడు. జల్లెడ పట్టి గాలించండి అంటారు సార్ అన్నారు ఈయన. మరి ఆ రోజు అదెందుకు చెప్పలేదు అన్నాడు.

అందులో రాయి లేదు సార్ అన్నారు శేషగిరిరావు గారు.

ఇక్కడ అధికారి ఏం చేస్తాడా అని నేను చూశాను. ఆయన చెడ్డవాడు కాడని ముందే చెప్పాను. ఓబులేసును జైలుకు పంపే ఉద్దేశం ఆ క్షణంతో పోయింది. కాని వదిలిపెట్టడానికి కారణం రాయాలి. కారణం రాస్తే ఆ ఫైలు కడపకు పోతుంది, కడప నుంచి హైదరాబాదుకు పోతుంది, ప్రతి ఆఫీసులోనూ గుమాస్తాలు దాన్ని పైకి చదువుకుని టీ తాగుతారు. మింగలేక కక్కలేక కాసేపు కలం తిప్పి, చివరికి పాము చావకుండా కర్ర విరగకుండా ఒక ఉత్తర్వు రాశాడు. రాళ్ల తనిఖీలో సదరు తలారి అత్యుత్సాహం చూపాడు. దురుద్దేశం లేదు. ఇకముందు ఉత్సాహాన్ని అదుపులో ఉంచుకోవాలని హెచ్చరించి తిరిగి కొలువులోకి తీసుకోవడమైనది. సస్పెన్షన్‌లో ఉన్న రోజులను పని చేయని రోజులుగా లెక్కించాలి. రాళ్లను మళ్లీ యథాస్థితికి తేవాలి.

ప్రొద్దుటూరు సభ గురించి అందులో ఒక్క ముక్క లేదు. కాపీ తీసింది శేషగిరిరావు గారే. సాయంత్రం బంగళా వెనక బీడీ ముట్టించి, "ఏమండీ, పని గురించి వాళ్ల భాషలో ఇన్ని సామెతలున్నాయి. చేసేవాడికి ఒక్కటీ పనికిరాదు" అన్నారు. ఆ మాట అన్నది కూడా ఒకసారే.

ఓబులేసుకు ఉత్తర్వు చదివి వినిపించింది నేను. అత్యుత్సాహం అంటే ఏంది సామీ అని అడిగాడు. చేయాల్సినదానికన్నా ఎక్కువ పని చేయడం అన్నాను. అతను నన్ను కిందికీ పైకీ చూశాడు.

"అయితే తక్కువ జేసినోళ్లను ఏమన్నారు?"

ఆ రోజు టపాలో వచ్చిన మెప్పు పత్రాల జాబితా నా సంచిలోనే ఉంది. అందులో గంగిరెడ్డి పేరు కూడా ఉంది. తనిఖీ నివేదిక గడువులోగా పంపినందుకు. నేను సంచి మూతి బిగించాను. వరండాలో ఉన్న ఓబులేసు భార్య మాత్రం ఊరుకోలేదు. "ఏమీ అన్లేదు, నీ మాదిరి తిక్కోళ్లు గాదు గదా వాళ్లు" అని కొంగు దులిపి లేచింది. కొలువు దక్కింది కాబట్టి ఆ తిట్టులో కోపం లేదు. కొంత ఉందేమో.

మరుసటి వారం రాళ్లను నిలబెట్టించడానికి నేను మళ్లీ ఆ ఊరికి వెళ్లాను. కర్ర ఓబులేసు చేతికి తిరిగి వచ్చింది. మొదటి రాయి దగ్గర నిలబడి, దీన్ని తవ్వి తిరగెయ్యి అన్నాను. అతను గడ్డపార నేల మీద పడేసి చేతులు కట్టుకున్నాడు.

"నోటితో వద్దు సామీ. ఒగ రాయి నువ్వు జెయ్యి. నువ్వు యాడ తవ్వితే నేను ఆడ తవ్వుతా, నువ్వెట్ల పెడితే నేనట్ల పెడతా."

సర్వేయరు గడ్డపార పట్టుకోవడం ఆ రోజుల్లో వినని సంగతి. గొలుసు పట్టేవాళ్లు నోరు తెరుచుకుని చూశారు. గంగిరెడ్డి దూరంగా గట్టు మీద నిలబడి, వద్దప్పా, నామోషీ అన్నాడు. ఓబులేసు కదల్లేదు. నేను చొక్కా తీసి గట్టు మీద పెట్టి తవ్వాను. ఆ రాయి బయటికి వచ్చేసరికి నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఒక్క రాయికే అలా ఉంటే ఊరి రాళ్లన్నీ తిప్పిన ఆ మొగుడూ పెళ్లాలకు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. గీటు పైకి పెట్టి మన్ను కూరాక ఓబులేసు వంగి దాన్ని వేలితో తడిమాడు. తరువాత రెండో రాతి దగ్గరికి నడిచాడు.

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది ఒక వృత్తి సంగతి, కొత్తగా తనిఖీలకు వెళ్లేవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. పని చేసినవాడి దగ్గరే తప్పు దొరుకుతుంది. చేయనివాడి దగ్గర దొరకడానికి ఏమీ ఉండదు. అందుకని తరువాత సర్వీసంతా, తప్పులున్న నివేదిక వస్తే, అక్కడ ఎవడో ఒకడు ఎండలో తిరిగాడని ముందుగా అనుకుని, వాడి మీద కాగితం పెట్టేముందు వాణ్ణి పిలిచి మాట్లాడేవాణ్ణి. ఏ లోపమూ లేదని రాసి పంపిన ఊరికి మాత్రం, చెప్పకుండా గొలుసు తీసుకుని వెళ్లేవాణ్ణి.